ర్యామ్ కొనే ముందు పాత స్టిక్కు మీద స్టిక్కర్ చదవండి

మా బాబాయ్‌ది గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. పోయిన సీజన్‌లో, యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) నిలబెట్టడానికి జానెడు చోటు దొరకని రోజుల్లో ఫోన్ చేశాడు. "ఒరేయ్, ల్యాప్‌టాప్ చచ్చిందిరా, లెక్కలు రాసే టాలీ నొక్కి టీ తాగొచ్చినా తెరుచుకోవట్లా. ఎవరో ర్యామ్ వేయిస్తే సరిపోద్దన్నారు, ఎంతవుద్ది?" అన్నాడు. ఎంతవుద్దో చెప్పడానికి ముందు నేను తెలుసుకోవాల్సినవి నాలుగున్నాయి. అసలు తక్కువైంది ర్యామేనా? ఆ ల్యాప్‌టాప్‌లో ఇంకో స్టిక్కు, అంటే ర్యామ్ చిప్పులున్న సన్న పలక, పెట్టే చోటుందా? ఉంటే ఏ రకం పడుతుంది? ఎంత పెడితే చాలు? ఇవేవీ చూసుకోకుండా నేరుగా షాపుకెళ్తే ఏమవుతుందో నాకు డబ్బు పోగొట్టుకుని మరీ తెలిసింది, ఆ కథ కింద ఉంది.

మొదటిది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, దాని కింద మెమరీ. ఇది చూసేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఏంటంటే ల్యాప్‌టాప్ అప్పుడే ఆన్ చేసి, ఏమీ తెరవకుండా చూసి "సగమే వాడుతోందిగా" అనుకోవడం. అలా కాదు. మీరు రోజూ ఒక పూటలో ఏమేం తెరుస్తారో అవన్నీ తెరవండి, బ్రౌజర్‌లో ఆ ఇరవై ట్యాబులూ, టాలీ, ఎక్సెల్, వాట్సాప్, వెనకాల పాటలు వింటుంటే అవి కూడా. పది నిమిషాలు పని చేసుకుని అప్పుడు చూడండి. 60, 70 శాతం దగ్గర ఆగిపోతే మీకు ర్యామ్ కొరత లేదు, స్లో అవడానికి కారణం వేరే ఎక్కడో ఉంది. 85, 90 దాటేసి, ఎడమ పక్క జాబితాలో డిస్క్ కూడా 100 దగ్గర అతుక్కుపోయి కిందికి దిగకపోతే అప్పుడు ర్యామ్ మీద అనుమానపడొచ్చు.

రెండూ కలిపి ఎందుకు చూడమంటున్నానంటే, బాబాయ్‌కి నేను చెప్పినట్టే చెప్తాను. ర్యామ్ అంటే కొట్టు ముందున్న చోటు. డిస్క్ అంటే ఊరవతల కోల్డ్ స్టోరేజీ. బేరం ఆడే సరుకు కొట్టు ముందుంటే వచ్చినవాడు టిక్కీ విప్పి చూసి పోతాడు, నిమిషం పని. కొట్టు ముందు చోటు నిండిపోతే ఏం చేస్తాం, ఇప్పుడు పనిలేని టిక్కీలు బండికెత్తి కోల్డ్ స్టోరేజీకి పంపిస్తాం, అవే మళ్లీ కావాలంటే వేరేవి పంపించి వీటిని తెప్పిస్తాం. విండోస్ కూడా ర్యామ్ నిండగానే ఇదే పని చేస్తుంది, వాడని వాటిని డిస్క్ మీద పేజ్ ఫైల్ అనే చోట పడేసి, మీరు ఆ ట్యాబ్ మీద నొక్కగానే వెనక్కి తెచ్చుకుంటుంది. మీరు నొక్కినప్పుడల్లా గుండ్రం తిరిగేది ఈ రవాణా జరిగేటప్పుడే. ఆ డిస్క్ పాత తిరిగే హార్డ్ డిస్క్ అయితే ఎడ్లబండి, ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాల్లేని చిప్పుల డిస్క్ అయితే లారీ. లారీ ఎంత వేగంగా పోయినా కొట్టు ముందు సరుకు కొట్టు ముందే.

అందుకని ఇంకా హార్డ్ డిస్క్‌తో నడుస్తున్న ల్యాప్‌టాప్ అయితే నా సలహా మొహమాటం లేకుండా చెప్తున్నా, ఒక్కదానికే డబ్బుంటే ముందు ఎస్ఎస్‌డీ వేయించండి. ర్యామ్ ఎంత పెంచినా ఆన్ అవడానికి పట్టే ఐదు నిమిషాలు అలాగే ఉంటాయి. బాబాయ్‌ది 8వ తరం ఐ3 ఇంటెల్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. టాస్క్ మేనేజర్‌లో మెమరీ 93 శాతం, డిస్క్ 100. రెండూ మార్చాల్సిందే, రెండూ మార్చాం. అది వేరే కథ.

ఇంకోమాట. టాస్క్ మేనేజర్‌లో క్యాష్డ్ అనే అంకె పెద్దగా కనిపిస్తే కంగారు పడకండి. ఖాళీగా ఉన్న ర్యామ్‌ని విండోస్ ఊరికే వదిలేయదు, మీరు మళ్లీ అడుగుతారేమోనని కొన్ని ఫైళ్లు అందులో పెట్టుకుంటుంది, వేరే ప్రోగ్రామ్‌కి చోటు కావాలంటే వెంటనే ఖాళీ చేస్తుంది. ర్యామ్ క్లీనర్ అని దొరికే సాఫ్ట్‌వేర్లు ఈ మంచి పనినే పాడుచేస్తాయి. వాటి జోలికి పోకండి.

రెండో ప్రశ్న, చోటుందా లేదా. అదే మెమరీ పేజీలో కుడి పక్క కింద స్లాట్స్ యూజ్డ్, ఫామ్ ఫ్యాక్టర్ అని రెండు లైన్లుంటాయి. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర సోడిమ్ అని ఉంటే అది తీసి పెట్టుకునే స్టిక్కు. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే చిప్పులు మదర్‌బోర్డుకే, అంటే లోపలి ప్రధాన బోర్డుకే అతికించేసి ఉన్నాయన్నమాట, దాన్ని మీరు మార్చలేరు. ఇక్కడే ఒక మెలిక ఉంది. అతికించిన చిప్పులున్న ల్యాప్‌టాప్‌ల్లో కూడా స్లాట్స్ యూజ్డ్ దగ్గర 2కి 2 అనో, 8కి 8 అనో చూపిస్తుంది. అంటే ఎనిమిది స్లాట్లున్నాయని కాదు, లోపల స్లాటే లేకపోవచ్చు. ఇంకొన్నిట్లో 8 జీబీ బోర్డు మీద అతికించి, పక్కనే ఒక ఖాళీ స్లాట్ ఇస్తారు. కాబట్టి ఈ పేజీని పూర్తిగా నమ్మకుండా, ల్యాప్‌టాప్ వెనకాల రాసున్న మోడల్ నంబర్ పట్టుకుని కంపెనీ సైట్‌లో సర్వీస్ మాన్యువల్ చూడండి. డెల్, హెచ్‌పీ, లెనోవో మూడూ చాలా మోడళ్లకి ఉచితంగానే పెడతాయి, ఏ స్క్రూ ఎక్కడుందో బొమ్మలతో సహా.

మా పిన్ని కూతురు విజయవాడలో ఇంజనీరింగ్ చదువుతోంది. ఒకరోజు ఫోన్ చేసి "అన్నయ్యా, ఆండ్రాయిడ్ స్టూడియో తెరిస్తే ల్యాప్‌టాప్ ఫ్యాన్ హెలికాప్టర్‌లా మోగుతోంది, ర్యామ్ వేయించుకోనా?" అంది. పల్చగా, ముద్దుగా ఉండే ల్యాప్‌టాప్, 8 జీబీ. మాన్యువల్ చూస్తే ఎల్‌పీడీడీఆర్5, స్లాట్ లేదు. డీడీఆర్ అనేది ర్యామ్ రకం, పక్కనున్న అంకె దాని తరం. ఆ ఎల్‌పీ అనే రెండక్షరాలు కనిపిస్తే చాలావరకు ఆశ వదులుకోవచ్చు, అవి అతికించే రకమే. క్యామ్2 అని స్క్రూలతో బిగించే కొత్త రకం 2023 డిసెంబరులో, మెమరీకి ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ ప్రమాణంగా వచ్చింది, దాన్లో ఎల్‌పీ చిప్పులు కూడా విప్పి మార్చుకోవచ్చు. కానీ మనం షాపుల్లో చూసే మామూలు ల్యాప్‌టాప్‌ల్లో అది ఇంకా అరుదు. యాపిల్ ఎం1 దగ్గర్నుంచి అన్ని మ్యాక్‌బుక్‌లూ, ఇంటెల్ కోర్ అల్ట్రా 200వీ సిరీస్ ల్యాప్‌టాప్‌లూ అయితే ప్రాసెసర్ పక్కనే, ఒకే ప్యాకేజీలో మెమరీ పెట్టుకుని వస్తాయి. అక్కడ చేసేదేమీ లేదు. వేడిగాలి యంత్రంతో చిప్పులు పీకి పెద్దవి వేస్తామనే వాళ్లుంటారు, చేయగలిగిన వాళ్లు కూడా ఉన్నారు, కానీ సెమిస్టర్ మధ్యలో ఉన్న పిల్ల ల్యాప్‌టాప్‌తో ఆ ప్రయోగం నేనైతే చేయించను.

ఆ పిల్లకి నేను చెప్పింది ఒక్కటే, ఎమ్యులేటర్, అంటే ల్యాప్‌టాప్‌లోనే నడిచే నకిలీ ఫోన్, మానెయ్. ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోకి 8 జీబీ ఉండాలని, ఎమ్యులేటర్ కూడా నడపాలంటే 16 ఉండాలని గూగులే చెప్తోంది. ఆ రెండోదాన్ని తీసేసి, తన ఫోన్‌నే కేబుల్‌తో పెట్టుకుని, డెవలపర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసుకుని యాప్ అందులో నడుపుకోమన్నా. పైసా ఖర్చు లేకుండా పని జరుగుతోంది. ఫ్యాన్ ఇప్పటికీ మోగుతుంది, కాకపోతే హెలికాప్టర్ కాస్త దూరం వెళ్లింది.

ఇప్పుడు మూడోది, నా డబ్బు పోయిన చోటు. అప్పట్లో నాది 5వ తరం ఐ3, 4 జీబీ. ఇంకో 4 జీబీ వేద్దామని బస్సెక్కి బెజవాడ వెళ్లి, ఒక షాపులో "డీడీఆర్3 ల్యాప్‌టాప్ ర్యామ్" అనడిగా, ఇచ్చారు. ఇంటికొచ్చి పెడితే స్లాట్‌లో చక్కగా కూర్చుంది, క్లిక్‌మని కూడా అంది. పవర్ నొక్కితే లైటు వెలిగింది, ఫ్యాన్ తిరిగింది, స్క్రీన్ మాత్రం నల్లగా అలాగే ఉండిపోయింది. ఆ రాత్రంతా మదర్‌బోర్డు కాల్చేశానేమోనని ఒకటే టెన్షన్. తెల్లారాక పాత స్టిక్కునీ, కొత్త స్టిక్కునీ పక్కపక్కన పెట్టి చూస్తే, పాతదాని మీద పీసీ3ఎల్ అని ఉంది, కొత్తదాని మీద పీసీ3 అని మాత్రమే ఉంది. ఒక్క అక్షరం. ఎల్ ఉన్నది 1.35 వోల్టులతో నడుస్తుంది, లేనిది 1.5 వోల్టులు అడుగుతుంది, ఆ తరం ల్యాప్‌టాప్ 1.35 మాత్రమే ఇస్తుంది. రెండింటికీ 204 పిన్నులే, పిన్నుల మధ్యుండే గాటు కూడా ఒకేచోట, అందుకే కూర్చుంది. వెనక్కి తీసుకెళ్తే "కవర్ చింపేశారు కదండీ, మార్చం" అన్నారు. నేనే సరిగా అడగలేదు కాబట్టి గట్టిగా అడగడానికీ నోరు రాలేదు.

అప్పట్నుంచి నా పద్ధతి ఒకటే. ముందు ల్యాప్‌టాప్ మూత విప్పి, లోపలున్న స్టిక్కు మీద స్టిక్కర్ ఫోటో తీసుకుంటా. ఆ ఒక్క లైన్‌లో మొత్తం జాతకం ఉంటుంది. బాబాయ్ ల్యాప్‌టాప్‌లోది ఇలా ఉంది: 4జీబీ 1ఆర్ఎక్స్16 పీసీ4-2400టీ-ఎస్‌సీ0-11. దీన్ని విడదీసి చదువుదాం. 4జీబీ అర్థమైందే. 1ఆర్ఎక్స్16 అంటే ఒక ర్యాంకు (కలిసి పనిచేసే చిప్పుల గుంపు), 16 బిట్ల వెడల్పున్న చిప్పులు. పీసీ4 అంటే డీడీఆర్4, పీసీ3ఎల్ అయితే డీడీఆర్3ఎల్, పీసీ5 అయితే డీడీఆర్5. తర్వాత 2400 వేగం, దాని వెనకున్న టీ టైమింగ్‌ని చెప్పే గుర్తు. 2666 అయితే వీ, 3200 అయితే ఏఏ అని కనిపిస్తుంది. ఎస్‌సీ0లో ఎస్ అంటే సోడిమ్, అంటే ల్యాప్‌టాప్‌ది, మిగతాది మనకి పనికిరాదు. కొన్నిటి మీద 2400 బదులు 19200 అనో, 3200 బదులు 25600 అనో ఉంటుంది, కంగారేం లేదు, వేగాన్ని 8తో గుణిస్తే వచ్చే అంకె అది. పీసీ3ఎల్-12800 అంటే 1600 అన్నమాట.

డీడీఆర్4కి 260 పిన్నులు, 1.2 వోల్టులు. డీడీఆర్5కి 262 పిన్నులు, 1.1 వోల్టులు. గాట్లు వేరేచోట ఉంటాయి కాబట్టి ఒకదాన్లో ఇంకోటి కూర్చోదు, బలవంతంగా నొక్కితే విరుగుతుంది. డెస్క్‌టాప్ ర్యామ్ దాదాపు 13 సెంటీమీటర్ల పొడవుంటుంది, ల్యాప్‌టాప్‌ది దాన్లో సగం, ఏడు సెంటీమీటర్లు కూడా ఉండదు. అయినా డెస్క్‌టాప్‌ది కొని తెచ్చుకున్నవాళ్లు నాకు ఇద్దరు తెలుసు, ఆన్‌లైన్‌లో ఫోటోలో సైజు తెలీదు మరి.

వేగం గురించి షాపుల్లో ఎక్కువ మాటలు చెప్తారు, దానికి అంత సీన్ లేదు. ప్రాసెసర్ ఎంత వేగాన్ని ఒప్పుకుంటుందో అంతకే నడుస్తుంది. బాబాయ్ 8వ తరం ఐ3 2400 వరకే, దాన్లో 3200 స్టిక్కు పెట్టినా 2400కే నడుస్తుంది, పాడవదు, లాభం ఉండదు, అంతే. పాత 2400 పక్కన కొత్త 3200 పెట్టినా రెండూ నెమ్మదైనదాని వేగానికే దిగుతాయి. ఇప్పుడు దుకాణాల్లో డీడీఆర్4లో ఎక్కువగా దొరికేది 3200 కాబట్టి అదే తీసుకోండి, పాత వేగం కోసం వెతుక్కోవక్కర్లేదు. మీ ప్రాసెసర్ ఎంత వేగం, గరిష్ఠంగా ఎంత ర్యామ్ ఒప్పుకుంటుందో ఇంటెల్ వాళ్ల సైట్‌లో ప్రాసెసర్ పేరు కొడితే వస్తుంది. ఉదాహరణకి ఐ5-8250యూ అయితే 32 జీబీ. ల్యాప్‌టాప్ కంపెనీ కాగితం మీద మాత్రం అంతకన్నా తక్కువ రాసుంటుంది కొన్నిసార్లు, ఎందుకంటే వాళ్లు అమ్మిన స్టిక్కులతో పరీక్షించినంత వరకే వాళ్లు పూచీ పడతారు. లెనోవో అయితే తన స్పెసిఫికేషన్ కాగితాల్లో ఈ సంగతి స్పష్టంగానే రాస్తుంది. ప్రాసెసర్ ఒప్పుకుంటే చాలాసార్లు పనిచేస్తుంది, కానీ "పనిచేయకపోతే మార్చిస్తారా" అని షాపులో ముందే మాట తీసుకోండి.

వేగం కన్నా జోడీకి విలువెక్కువ. రెండు స్లాట్లలో రెండు స్టిక్కులుంటే ప్రాసెసర్ రెండు దార్లలో ఒకేసారి చదువుతుంది, డ్యూయల్ చానల్ అనేది దాన్నే. 3200 స్టిక్కు ఒక్కటే ఉంటే సెకనుకి 25.6 గిగాబైట్లు, జోడీ ఉంటే 51.2. వేరే గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌ల్లో స్క్రీన్ మీది బొమ్మల పని కూడా ఈ ర్యామ్‌తోనే నడుస్తుంది కాబట్టి, గేమ్స్ ఆడేవాళ్లకి ఒంటి స్టిక్కుకీ జోడీకీ తేడా కళ్లకు కనిపిస్తుంది. టాలీ కొట్టేవాళ్లకి ఏమీ కనిపించదు. రెండూ సమానంగా లేకపోయినా, అంటే 4 పక్కన 8 పెట్టినా, ఇంటెల్ ల్యాప్‌టాప్‌ల్లో 4కి 4 జోడీగా, మిగిలిన 4 ఒంటిగా నడుస్తాయి. కాబట్టి "జత కుదరాలండీ, పాతది తీసేసి రెండూ కొత్తవి వేయాలి" అని ఎవరైనా అంటే తొందరపడకండి.

ఎంత కావాలి? విండోస్ 11కి కనీసం 4 జీబీ అని మైక్రోసాఫ్ట్ రాసింది. అది ఆన్ అవడానికి సరిపోతుంది, పని చేసుకోవడానికి కాదు. టాలీ, బిల్లులు, బ్రౌజర్ అయితే 8. ఇంజనీరింగ్ పిల్లలకీ, కోడింగ్ నేర్చుకునేవాళ్లకీ, ఫోటోషాప్‌లో పెళ్లి ఆల్బమ్‌లు చేసే ఫోటోగ్రాఫర్లకీ 16. వీడియో ఎడిటింగ్, వర్చువల్ మెషిన్లు నడిపేవాళ్లకి 32, వాళ్లకి నేను చెప్పేదేముంది, వాళ్లకే తెలుసు. "తర్వాత పనికొస్తుందిలే" అని బ్రౌజర్ వాడే అత్తయ్య ల్యాప్‌టాప్‌లో 32 వేయించకండి, ముఖ్యంగా ఇప్పుడు. 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు ఎలా ఎగబాకాయో కొనడానికెళ్లిన ప్రతివాళ్లకీ తెలుసు. ఏఐ డేటా సెంటర్లు చిప్పులన్నీ ఎత్తుకుపోతుంటే మనదాకా వచ్చేది తక్కువ. మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్లకి అమ్మే వ్యాపారమే మానేస్తున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. మిర్చి రేటులాగే ఇది కూడా, పొద్దున అడిగిన ధర సాయంత్రానికి ఉంటుందని నమ్మకం లేదు, అందుకని రెండుమూడు చోట్ల ఫోన్ చేసి అడిగి అప్పుడు బయల్దేరండి.

అందుకే పాత ల్యాప్‌టాప్‌ల్లోంచి తీసిన స్టిక్కులంటే నాకు చిన్నచూపు లేదు. ర్యామ్‌లో అరిగిపోయే భాగం ఏదీ లేదు, బాగున్నది ఏళ్ల తరబడి బాగానే ఉంటుంది. శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ చిప్పులున్న పాత స్టిక్కు, పేరు తెలియని కంపెనీ కొత్త స్టిక్కు కన్నా నయం అని నా లెక్క. షరతు ఒకటే, షాపులోనే మీ ల్యాప్‌టాప్‌లో పెట్టి చూపించాలి, కనీసం నెల రోజులైనా మార్చిస్తామని బిల్లు మీద రాయాలి. కొత్తదైతే జీఎస్టీ బిల్లు మీద స్టిక్కు సీరియల్ నంబర్ వేయించుకోండి, లేకపోతే వారంటీ మాటల్లోనే మిగులుతుంది. విజయవాడ గవర్నర్‌పేట, ఏలూరు రోడ్డు వైపు వెళ్లినా, గుంటూరు బ్రాడీపేట లైన్లలో తిరిగినా, పాత స్టిక్కునే జేబులో వేసుకెళ్లి "ఇలాంటిదే, 8 జీబీది" అని బల్ల మీద పెట్టడం కన్నా మంచి భాష లేదు. పేపర్‌లో చుట్టండి, చిల్లర నాణేలతో కలిపి వేసుకోకండి.

ఇక విప్పడం. వారంటీలో ఉన్న ల్యాప్‌టాప్ అయితే ముందు కంపెనీకి ఫోన్ చేసి, మూత తీస్తే వారంటీ పోతుందా అని అడగండి, మోడల్‌ని బట్టి జవాబు మారుతుంది. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి, మామూలుగా నొక్కితే విండోస్ తొందరగా ఆన్ అవడానికి సగం నిద్రలోనే ఉంటుంది. చార్జర్ పీకండి. ప్లస్ గుర్తున్న సన్న స్టార్ స్క్రూడ్రైవర్ చాలు. తెల్ల కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో ఆ చోటే గుచ్చిపెట్టండి. ఇది చిన్నపిల్లల పనిలా ఉంటుంది కానీ పొడుగు స్క్రూ పొట్టి స్క్రూ చోట బిగిస్తే కీబోర్డు కింద పొడుచుకొస్తుంది. స్క్రూలన్నీ తీసినా మూత రాకపోతే బలవంతం చేయకండి, రబ్బరు కాళ్ల కింద ఇంకో రెండు దాక్కుని ఉంటాయి. తర్వాత పాత ఏటీఎం కార్డు లాంటిది అంచులో దూర్చి, తట్టుకుంటూ చుట్టూ తిప్పుకురండి. చాకు వద్దు. ఒక్కో క్లిప్పు ఊడేటప్పుడు టప్పుమని చప్పుడొస్తుంది, విరిగినట్టే అనిపిస్తుంది, విరగదు.

బాబాయ్ ల్యాప్‌టాప్ మూత తీసేసరికి ఇద్దరికీ తుమ్ములే తుమ్ములు. ఫ్యాన్ రెక్కల మీద ఎర్రటి పొర, వేలు పెట్టి రాస్తే పసుపు కుంకుమ కలిపినట్టు అంటుకుంది. వేడి బయటికి పోయే జాలీ మొత్తం మిరపకాయ దుమ్ముతో మూసుకుపోయి ఉంది. ర్యామ్ సంగతి అటుంచి, సగం స్లోకి కారణం ఆ వేడే అయ్యుంటుంది, ప్రాసెసర్ కాలిపోకుండా తనే వేగం తగ్గించుకుంటుంది కదా. మెత్తటి బ్రష్‌తో దులిపాం, ఫ్యాన్ తిరక్కుండా వేలితో పట్టుకుని మరీ. ఆ వేలు కంట్లో పెట్టుకున్నది మాత్రం నేనే. మీది మిర్చి యార్డు కాకపోయినా, మూత తీసింది ఎలాగూ తీశారు, ఫ్యాన్ దులపకుండా మూయకండి.

లోపల మొదట చేయాల్సిన పని బ్యాటరీ వైరు ఊడదీయడం. వైర్లు పట్టి లాగకుండా, ప్లగ్గుని రెండు పక్కలా గోళ్లతో పట్టి మెల్లగా వెనక్కి జరపండి. తర్వాత పవర్ బటన్ పది, పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు పోతుంది. ఏసీ గదిలో తివాచీ మీద కూర్చుని చేయకండి, ఒంట్లో ఉండే స్టాటిక్ చిప్పుల్ని చంపుతుంది. గచ్చు మీద కూర్చుని, ముందు ఏదైనా ఇనప గ్రిల్‌ని ఒకసారి ముట్టుకుంటే చాలు.

స్టిక్కుకి రెండు వైపులా సన్నని రేకు క్లిప్పులుంటాయి. రెండు బొటనవేళ్లతో రెండిటినీ ఒకేసారి బయటికి నెట్టండి, స్టిక్కు దానంతటదే ఏటవాలుగా పైకి లేస్తుంది, అంచులు పట్టుకుని లాగేయండి. బంగారు రంగు పిన్నుల్ని ముట్టుకోకండి. కొత్తది పెట్టేటప్పుడు గాటు ఎదురెదురుగా చూసుకుని, దాదాపు 30 డిగ్రీల వాలులో, బంగారు గీత దాదాపు కనిపించకుండా పోయేదాకా లోపలికి తోయండి. అందరూ తప్పు చేసేది ఇక్కడే. సగం లోపలికి వెళ్లగానే కిందికి నొక్కేస్తారు. పూర్తిగా లోపలికి వెళ్లాకే కిందికి నొక్కాలి, రెండు క్లిప్పులూ క్లిక్‌మనాలి. ఒక క్లిప్పే పడితే కూర్చోనట్టే.

బ్యాటరీ వైరు పెట్టి, మూత ఊరికే ఆనించి, స్క్రూలు బిగించకుండా ఒకసారి ఆన్ చేసి చూడండి. స్క్రీన్ వెంటనే రాకపోతే గుండె జారిపోనక్కర్లేదు. కొత్త ర్యామ్ పెట్టాక మొదటిసారి ఆ ర్యామ్‌తో ఎలా మాట్లాడాలో ల్యాప్‌టాప్ లెక్కలు వేసుకుంటుంది, డీడీఆర్5 అయితే ఒక్కోసారి కొన్ని నిమిషాలు కూడా పడుతుంది. మధ్యలో ఒకట్రెండుసార్లు దానంతటదే ఆగి మళ్లీ ఆన్ అవ్వొచ్చు. ఒక పది నిమిషాలాగి కూడా రాకపోతే, మళ్లీ అంతా ఊడదీసి, స్టిక్కు తీసి, బంగారు పిన్నుల మీద పెన్సిల్ రబ్బరుతో మెల్లగా ఒక దిక్కుకే రుద్ది, పొడి ఊదేసి మళ్లీ పెట్టండి. మన మెకానిక్‌లు చేసే ఈ పాత వైద్యం చాలాసార్లు పనిచేస్తుంది. అయినా రాకపోతే కొత్తది ఒక్కటే పెట్టి చూడండి, తర్వాత పాతది ఒక్కటే. దాంతో తప్పు స్టిక్కుదో, స్లాట్‌దో తేలిపోతుంది.

వచ్చాక టాస్క్ మేనేజర్‌లో అంకె సరిచూసుకోండి. 8 పెడితే 7.8 అలా కనిపిస్తుంది, ఏఎండీ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌ల్లో ఇంకా తక్కువ కూడా కనిపించొచ్చు. హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ అని గ్రాఫిక్స్ కోసం పక్కన పెట్టుకున్నది అది, షాపువాడు కొట్టేసింది కాదు. ఎంత వేసినా 4 దాటకపోతే మీది 32 బిట్ విండోస్, అది 4 జీబీకి మించి వాడుకోలేదు, 64 బిట్ వేయించుకోవాలి.

ఆ రాత్రికి మెమ్‌టెస్ట్86, అంటే పెన్‌డ్రైవ్‌లోంచి నడుస్తూ ర్యామ్‌లో తప్పులు వెతికే ప్రోగ్రామ్, పెట్టి పడుకోండి. ఉచిత వెర్షన్ నాలుగు రౌండ్లు తిరుగుతుంది, పొద్దున్నే లేచి చూస్తే ఒక్క ఎర్ర గీత కూడా ఉండకూడదు. ఒక్క తప్పు చూపించినా స్టిక్కు వెనక్కిచ్చేయండి, "ఒక్కటే కదండీ" అంటే ఒప్పుకోకండి, ఆ ఒక్కటే రేపు ఏ ఎక్సెల్ షీట్‌లోనో అంకె మారుస్తుంది, లేదా పనిలో ఉండగా నీలం స్క్రీన్ తెస్తుంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకోవడం కష్టమనిపిస్తే విండోస్‌లోనే మెమరీ డయాగ్నస్టిక్ ఉంది, స్టార్ట్‌లో ఆ పేరు కొడితే వస్తుంది, అంత గట్టిది కాదు కానీ ఏమీ చేయకపోవడం కన్నా మేలు.

బాబాయ్ ల్యాప్‌టాప్‌లో రెండు స్లాట్లున్నాయి, 4 పక్కన 8 వేశాం. ఇప్పుడు 12 జీబీ. టాలీ తెరిచి నావైపు చూసి "ఒరేయ్, ఇక టీ తాగే టైమ్ కూడా లేదురా" అన్నాడు. మూత బిగించాక కాగితం మీద ఒక స్క్రూ మిగిలింది. మళ్లీ విప్పాం.